ఏడ్చువారితో ఏడ్చు సేవకుడు సంతోషింపవచ్చునా?

దుఃఖములో ఉన్నవారిని ఆదరించుటయే పనిగా గలవాడు తన సంతోషము కొరకు కొన్ని దినములు వేరుగా తీసికొనుట న్యాయమా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని ప్రతి సంఘములోను ఏదో యొక రూపమున వినబడుచునే యున్నది. అయ్యగారు బంధువుల యింట పెండ్లికి వెళ్లి నాలుగు దినములు నిలిచినయెడల, ఊరిలో ముసలమ్మ మంచము పట్టి యుండగా ఈయనకు పెండ్లి భోజనమేల అని అనువారు కలరు. అట్లనువారందరు ఓర్వలేనివారు కారు. ఆ ముసలమ్మ యొద్ద రాత్రులు కూర్చున్న కోడలు కూడ అట్లు అనవచ్చును. ఆమె మాటను మనము తేలికగా త్రోసివేయరాదు.

అయితే మన ఊరి అయ్యగారిని ఎదుట పెట్టుకొని ఈ సంగతి విచారించినయెడల మనకు కోపమైనను పక్షపాతమైనను కలుగును. గనుక దూరదేశమునుండి యొక దృష్టాంతము తీసికొందము. ఇంగ్లాండు దేశమునందు 1948వ సంవత్సరము జూలై 5వ తేదీన ప్రజలందరికిని వైద్యము చేయు ప్రభుత్వ వైద్యసేవ ఆరంభమాయెను. ఆ ఆసుపత్రులలో వైద్యులు, నర్సులు ఉన్నట్లే చాప్లెనులు కూడ ఉందురు. చాప్లెను అనగా సంఘమునకు గాక ఆసుపత్రికో, చెరసాలకో, సైన్యమునకో ఏర్పరచబడిన దైవసేవకుడు. అట్టివారిలో ఒకనిని మనస్సులో ఉంచుకొనుడి. ఆయన పేరు మనకు అక్కరలేదు, అట్టివారు అనేకులున్నారు.

ఆయన పని యెట్టిది? అర్ధరాత్రి ఫోను మ్రోగును. పుట్టీపుట్టకముందే చనిపోయిన బిడ్డను ఒడిలో పెట్టుకొని తల్లి కూర్చున్నది, రమ్మని పిలుపు. ఆయన వెళ్లును. వెళ్లి ఏమి చెప్పగలడు? చెప్పుటకు ఏమియు లేదు. కూర్చుండును. తెల్లవారినప్పుడు వేరొక వార్డులో ఒక ముసలివాడు, తన కుమారుడు వచ్చునా అని తలుపువైపు చూచుచుండును. మధ్యాహ్నమున ఒక నర్సు మెట్లమీద కూర్చుండి ఏడ్చుచుండును. ఈలాగున సంవత్సరమంతయు జరుగును. అటు తరువాత ఆగస్టు నెలాఖరు వచ్చును. ఆ దేశమునకు అది వేసవికాలపు చివరి భాగము. పగళ్లు ఇంకను పొడవుగానే యుండును. కొండలమీద హెదరు అను చిన్న పొదలు పూచి నేలయంతయు ఊదారంగుగా నుండును. అప్పుడీ చాప్లెను సెలవు తీసికొని, సైకిలెక్కి కొండదారుల వెంబడి పోవును. దారిలో ఏ ఊర పండుగ జరిగినను అక్కడ ఆగి జనములో కలిసికొనును. ఆయన విడిచి వచ్చిన మంచములు మాత్రము ఖాళీగా లేవు. ఇది న్యాయమా?

మొదట కొండను గూర్చి తలంచుదము. మన పల్లెలలో అయ్యగారి సైకిలు పనిముట్టు. ఒక ఊర ఆరాధన ముగించి, బైబిలు సంచి హాండిలుకు తగిలించుకొని, ఇంకొక ఊరికి ఎండలో తొక్కుకొని పోవును. ఆ సైకిలే వినోదమగునని చెప్పిన మనకు నవ్వు వచ్చును. అయితే ఉత్తర ఇంగ్లాండులో యార్కుషైరు పడమటి భాగమున క్రాగ్ వేల్ అను లోయ కలదు. అక్కడి దారి ఎక్కడను దిగక అయిదున్నర మైళ్ల దూరము 968 అడుగుల ఎత్తు ఎక్కును. ఆ దేశమంతటిలో ఎడతెగక ఎక్కు దారులలో ఇది మిక్కిలి పొడవైనదని చెప్పుదురు. అక్కడికి ఉత్తరముగా సరస్సుల సీమలో ఆంబుల్‌సైడు ఊరినుండి కిర్క్‌స్టోన్ కనుమకు పోవు నిటారు దారికి జనులు పెట్టిన పేరు "పెనుగులాట". ఆ కనుమ సుమారు 1,490 అడుగుల ఎత్తున నున్నది. దాని కొననున్న యొక రాయి దూరమునకు గుడి గోపురమువలె కనబడును గనుక ఆ రాతికి "గుడిరాయి" అను అర్థముగల పేరు కలిగెను. ఆ పేరే కనుమకును వచ్చెను.

ఇట్టి దారులలో చెమటోడ్చుట విశ్రాంతి యగునా? ఆలోచించుడి. ఆసుపత్రిలో ఆయన పడు ప్రయాసకు ఫలము కంటికి కనబడదు. ప్రార్థించును, బిడ్డ చనిపోవును. ఓదార్చును, తల్లి ఇంకను ఏడ్చును. మంచిగా చేసెనో చెడుగా చేసెనో ఆయనకే తెలియదు. కొండమీదనైతే తొక్కిన ప్రతి తొక్కుడుకు ఒక గజము ముందుకు సాగును. శ్వాస ఎగబోయును, కాళ్లు మండును, అయినను కొన వచ్చును. సంవత్సరమంతయు కొలతకు అందని పని చేసినవానికి, కొలతకు అందు చిన్న పని దేవుని యొద్దనుండి వచ్చిన మందువంటిది. పైగా కొండ ఆయనను ఏమియు అడుగదు. ఎందుకిట్లాయెనని ప్రశ్నింపదు.

ప్రవక్తయైన ఏలీయా దినములలో దేవుడు ఇట్లే చేసెను. రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయము చదువుడి. గొప్ప జయము పొందిన వెంటనే ఏలీయా భయపడి అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, చావు కోరుకొనెను. దేవదూత వచ్చి ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను, లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను, మరల ఆహారమిచ్చెను. ఏలీయా విశ్వాసము తగ్గినదని గద్దింపలేదు. ప్రయాణము అతని శక్తికి మించినదని మాత్రమే చెప్పెను. ఆత్మ కృంగినప్పుడు దేవుడు మొదట శరీరమును బాగుచేసెను. మనమైతే అలసిన సేవకుని చూచి, ప్రార్థన తక్కువైనదని తీర్పు తీర్చుదుము. అతనికి కొదువైనది నిద్రయే కావచ్చును.

ఇక పండుగను గూర్చి. ఆ యార్కుషైరులోనే సోవర్బీ బ్రిడ్జి అను ఊరు కలదు. పూర్వము ఆ దేశపు గుడులలో నేల మట్టినేల. చలికి, తడికి అడ్డముగా జనులు తుంగ కోసి తెచ్చి నేలమీద పరచెడివారు. సంవత్సరమునకొకసారి ప్రాతది తీసి క్రొత్తది పరచుట పండుగగా చేసెడివారు. గుడులలో రాతిపలకలు వచ్చిన తరువాత తుంగతో పని లేకపోయెను. అనేక స్థలములలో ఆ ఆచారము నశించెను. సోవర్బీ బ్రిడ్జివారు 1977లో దానిని మరల లేవనెత్తిరి. అప్పటినుండి సెప్టెంబరు మొదటి శని ఆదివారములలో పదునారు అడుగుల ఎత్తుగల తుంగబండిని కట్టి, అరువదిమంది మనుష్యులు చెక్క అడుగుల జోళ్లు తొడుగుకొని, ఎడ్లు లేకుండ తామే లాగుదురు. ఊరూర గుడి యొద్ద ఆగి తుంగకట్టను అర్పింతురు. త్రోవలో మద్యశాలల యొద్ద కూడ ఆగుదురు. ఆ సంగతి దాచనేల? ఏ దేశపు పండుగలోనైనను గోధుమలతోపాటు గురుగులు ఉండును. దైవసేవకుడు జనములో కలిసికొనునప్పుడు ఎక్కడ ఆగవలెనో ఎక్కడ ఆగరాదో తానే ఎరిగియుండవలెను.

ఈ జనములో చాప్లెను ఏమి చేయును? ఏమియు చేయడు. అదియే ఆయనకు కలిగిన మేలు. వార్డులో ఆయన ఎల్లప్పుడు ఇచ్చువాడు. ఇక్కడ ఒక చిన్నపిల్ల ఆయనకు మిఠాయి అందించును. బండి లాగువారు ఆయనను చూచి, ఎవరో దారినపోవువాడని, ఒక పాట పాడుమందురు. ఎల్లప్పుడు ఇచ్చుచుండువాడు పుచ్చుకొనుట మరచిపోవును. పుచ్చుకొనుట మరచినవాడు తానే ఊట అని తలంచుకొనును, అటు తరువాత ఎండిపోవును.

మోషే ధర్మశాస్త్రము ఈ సంగతి ఎరిగియున్నది. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయమున పర్ణశాలల పండుగలో సంతోషింపవలసినవారి పట్టిక యున్నది. యజమానుడు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు. వీరి నడుమ లేవీయుడు. ఆలయసేవ చేయువాడు పండుగ జరిపించిన చాలునని దేవుడు అనుకొనలేదు. అతడును సంతోషింపవలెనని ఆజ్ఞాపించెను. మరియొక సంగతి గమనించుడి. లేవీయుని పేరు ధనవంతుల ప్రక్కన గాక, దిక్కులేనివారి ప్రక్కన వ్రాయబడెను. అతని సంతోషము వారి సంతోషముతో ఒకే పంక్తిలో కూర్చున్నది. వారు లేని పంక్తిలో అతనికిని చోటు లేదు.

ఇందుకు సాక్ష్యముగా ఒక దైవసేవకుని జీవితము చెప్పెదను. ఇంగ్లాండు నైరుతి కొనను కార్నువాలు సీమలో మోర్వెన్‌స్టో అను సముద్రతీరపు పల్లెకు రాబర్టు స్టీఫెను హాకరు గారు గురువుగా నుండెను. అది నావలు బద్దలగు రాతి తీరము. అంతకుముందు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన శవములను ఇసుకలో పాతిపెట్టుట వాడుక. హాకరుగారు దానికి ఒప్పుకొనక, ఆ శవములను కొండపైకి మోయించి గుడి ఆవరణములో క్రైస్తవ మర్యాదతో సమాధి చేయించెను. 1842వ సంవత్సరము సెప్టెంబరులో కాలిడోనియా అను ఓడ అక్కడ బద్దలై, ఒక్కడు తప్ప అందరు చనిపోయిరి. ఆ ఓడ ముందుభాగమున నుండిన బొమ్మను వారి సమాధికి గురుతుగా నిలిపిరి. ఆ మరుసటి సంవత్సరము, 1843లో, అదే హాకరుగారు తన సంఘస్థులను పిలిచి, క్రొత్త పంట ధాన్యముతో చేసిన రొట్టెతో ప్రభురాత్రి భోజనమిచ్చి, పంట కొరకు దేవునికి కృతజ్ఞతార్పణ జరిపించెను. ఇంగ్లాండు సంఘములలో నేడు ఆచరింపబడు కోతపండుగకు అది నాంది యని చెప్పుదురు. మనమును కోతపండుగనాడు ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు బలిపీఠమునెదుటికి తెచ్చుచున్నాము గదా! శవములను ఎత్తిన చేతులే పంటను పైకెత్తినవి. మరణమును దగ్గరగా చూచినవాడు పండుగను ద్వేషింపలేదు. దాని అవసరమును ఇతరులకంటె బాగుగా ఎరిగెను.

ఇప్పుడు దీనికి విరోధముగా చెప్పదగిన మాటలు వినవలెను.

మొదటి మాట కూలిమనిషిది. "విశ్రాంతి మంచిదే, జీతము వచ్చువారికి మంచిది. నాట్ల దినములలో నేను ఒకపూట ఇంట నుండినయెడల ఆ పూట పొయ్యిలో పిల్లి లేవదు. నాకు కొండ ఏది, పండుగ ఏది?" ఈ మాట నిజము. ఇంగ్లాండులోనే ఇది ఎంత నిజమో చూడుడి. చాప్లెను హాయిగా తొక్కిన ఆ క్రాగ్ వేల్ లోయలో పూర్వము నీటిబలముచేత తిరుగు నూలుమిల్లులు వరుసగా నుండెను. చిన్నబిడ్డలు రోజునకు పండ్రెండు గంటలకు మించి వాటిలో నిలువబడి పనిచేసిరి. ఆ లోయలోని గుడిపేరు "అరణ్యములోని పరిశుద్ధ యోహాను" గుడి. ఆ కాలమున బ్రాడ్‌ఫర్డు సమీపమున బియర్లీ సంఘగురువైన జార్జి స్ట్రింజరు బుల్ గారు, రిచర్డు ఓస్ట్లరు అను ఎస్టేటు ఉద్యోగి, బిడ్డల పనిగంటలు తగ్గింపవలెనని ఏండ్ల తరబడి ఊరూర తిరిగి పోరాడిరి. మిల్లుల యజమానులలో అనేకులు వారిని ద్వేషించిరి. తుదకు 1847లో స్త్రీలకును బాలురకును దినమునకు పది గంటలకు మించి పని చేయింపరాదను చట్టము వచ్చెను.

ఆ మిల్లుల ఊళ్లలో సెలవు యెట్లు పుట్టినదనుకొందురు? గుడి ప్రతిష్ఠోత్సవపు ముందురాత్రి మేలుకొని ప్రార్థించు జాగరణనుండి పుట్టినది. ఆ జాగరణ పండుగయై, పండుగ వారమంత మిల్లులు మూయు సెలవాయెను. అయితే ఆ వారమునకు కూలి లేదు. పనివారు సంవత్సరమంతయు పైసలు కూడబెట్టుకొని ఆ వారము గడిపెడివారు. 1871లో బ్యాంకుసెలవుల చట్టము, 1938లో జీతముతోకూడిన సెలవుల చట్టము వచ్చెను. నేడు అక్కడ సంవత్సరమంతయు పూర్తిగా పనిచేయువానికి 28 దినముల జీతపు సెలవు చట్టముచేత దొరకును. చాప్లెను అనుభవించు రెండు వారములు ఆకాశమునుండి పడలేదు. ఇతరుల కన్నీటిచేత కొనబడినవి.

గనుక కూలిమనిషికి మన ఉత్తరమేమి? నీకు విశ్రాంతి లేదు గనుక సేవకునికిని వద్దు అనుట ఉత్తరము కాదు. అప్పుడు విశ్రాంతి లేనివారు ఒకరికి బదులు ఇద్దరగుదురు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతిదినము నీకు మాత్రమే గాక నీ దాసునికి, దాసికి, ఎద్దునకు, గాడిదకు కూడ ఇయ్యబడెను. ఐగుప్తులో నీవును దాసుడవైయుంటివని జ్ఞాపకము చేసికొనుమని కారణము చెప్పబడెను. విశ్రాంతి రుచి చూచిన సేవకుడు, అది లేనివారి కొరకు నోరు తెరువవలెను. బుల్ గారివలె తెరువనియెడల అతని విశ్రాంతి దొంగసొత్తు. ఆమోసు 5వ అధ్యాయములో దేవుడు అసహ్యించుకొన్న పండుగలు అట్టివే: పాటలు ఉన్నవి, న్యాయము లేదు.

రెండవ మాట ఇంకను కఠినమైనది. చాప్లెను కొండమీద నుండగా, ఆరు నెలలుగా ఆయన దర్శించుచుండిన రోగి చనిపోయెననుకొనుడి. చివరి రాత్రి ఆ రోగి ఆయననే అడిగెను. వేరొక చాప్లెను వచ్చెను, దయగలవాడే. కాని ఆ ముఖము ఈ ముఖము కాదు. దీనికి ఏమి చెప్పుదుము?

మార్కు సువార్త 6వ అధ్యాయమున ప్రభువు ఈ రెంటిని ఎదుర్కొనెను. శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోగా, ఏకాంతముగా వచ్చి కొంచెము విశ్రమించుడని ఆయనే పిలిచెను. పడవ ఎక్కిరి. అయితే జనులు కాలినడకను పరుగెత్తి వారికంటె ముందుగా ఆ ఒడ్డుకు చేరిరి. ప్రభువు వారిని చూచి విసుగుకొనక కనికరపడెను. చీకటి పడినప్పుడు శిష్యులను పడవలో పంపివేసి, జనసమూహమును సాగనంపి, ప్రార్థనకు తానొక్కడే కొండ ఎక్కెను. కనికరమును విడువలేదు, కొండను విడువలేదు. ఆ దినమున గలిలయలో రోగులందరు స్వస్థపడియుండిరని ఎవరు చెప్పగలరు? ఆయన కొండమీద నున్న గడియలలో ఏదో యొక యింట దీపము ఆరియుండును. అయినను ఆయన కొండ ఎక్కెను.

దీనినిబట్టి చనిపోయిన రోగి బంధువుల బాధ తీరిపోవునని నేను చెప్పను. తీరదు. చాప్లెను తిరిగి వచ్చి ఆ ఖాళీ మంచము చూచినప్పుడు ఆయన హృదయమున కలుగు నొప్పి కూడ తీరదు; తీరకుండుటయే మేలు. అయితే నొప్పి వేరు, నేరము వేరు. నేను లేనియెడల ఈ మనిషి దేవునికి దూరమగునని తలంచు సేవకుడు తనను రక్షకుని స్థానములో కూర్చుండబెట్టుకొనుచున్నాడు. ఆ రాత్రి ఆ మంచము యొద్ద నిద్రపోని కాపరి ఒకడు ఉండెను. ఆయనకు సెలవు లేదు.

చాప్లెను అను మాట ఎక్కడనుండి వచ్చెనో ఎరుగుదురా? నాలుగవ శతాబ్దమున మార్టిను అను రోమా సైనికుడు ఆమియెను పట్టణపు ద్వారమున చలిలో వణకుచున్న బట్టలులేని భిక్షకుని చూచి, తన పైవస్త్రమును కత్తితో రెండుగా కోసి సగము అతనికి కప్పెనని ఆయన చరిత్ర చెప్పును. చూచినవారిలో కొందరు నవ్విరట. తరువాత మార్టిను తూరు పట్టణమునకు బిషప్పాయెను. ఆయన వస్త్రమని చెప్పబడినదానిని ఫ్రాంకుల రాజులు భద్రము చేసిరి. లాటినులో అట్టి వస్త్రమును కప్ప అందురు. ఆ వస్త్రమును కాయు గురువులకు కలిగిన పేరే చాప్లెను. ఆ మిగిలిన సగము నాకు జ్ఞాపకము వచ్చుచున్నది. మార్టిను అంతయు ఇచ్చివేయలేదు. అంతయు ఇచ్చినవాడు ఒక్కడే. ఆయన వస్త్రములకొరకు సిలువ క్రింద చీట్లు వేసిరి. సేవకుడు ఆయన కాడు. తన సగము కప్పుకొని తరువాతి ద్వారమువరకు నడువవలసినవాడు. అయితే చలిలో ఒకడు వణకుచుండగా రెండు సగములును తానే కప్పుకొన్నయెడల, ఆ పేరుకు తగినవాడు కాడు.

అట్లయితే మంచి విశ్రాంతిని ఎట్లు గుర్తింపవచ్చును? మూడు గురుతులు చాలును. ఒకటి, ఆ విశ్రాంతికి వేరొకడు బలి కాకూడదు. తన పని ఎవరో యొకరికి అప్పగించి, రోగులకు చెప్పి వెళ్లవలెను. రెండు, తిరిగి వచ్చినవాని హృదయము మునుపటికంటె మెత్తగా నుండవలెను. ఫలమిచ్చు కొండను ప్రేమించి, ఫలము కనబడని మంచమును అసహ్యించుకొనినయెడల ఆ విశ్రాంతి పాడైనది. మూడు, తాను పొందినది ఇతరులును పొందవలెనని కోరవలెను.

ప్రియ సంఘస్థులారా, ఇప్పుడు మన ఊరికి వత్తము. మీ అయ్యగారు గడచిన సంవత్సరములో ఏ పనియు లేని దినము ఒకటైనను చూచెనా? అంతకంటె ముఖ్యముగా, వచ్చినవారందరికి అన్నము వండిపెట్టు అమ్మగారు చూచెనా? రోగియొద్ద రాత్రులు కూర్చున్న ఆ కోడలు చూచెనా? ఆమె కోపమునకు తగిన ఉత్తరము ప్రసంగము కాదు. ఒక రాత్రి మీలో ఒకరు వెళ్లి, "అమ్మా, నీవు పండుకొనుము, నేను కూర్చుందును" అని చెప్పుటయే. సంఘమంతయు ఈలాగు వంతులు వేసికొన్నయెడల, సేవకుడు పండుగకు పోయిన దినమున ముసలమ్మ యొంటరిగా నుండదు. ఏడ్చువారితో ఏడ్చుటయు సంతోషించువారితో సంతోషించుటయు రోమా పత్రిక 12వ అధ్యాయములో ఒక్కచోటనే చెప్పబడెను. ఆ రెండును ఒక్కనికే గాక సంఘమంతటికిని ఇయ్యబడిన పని. అట్టి వంతులు మోయు కృపను ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.